మబ్బులో దారి తప్పితే

పిల్లలూ, కళ్ళు మూసుకున్నప్పుడు మనం ఎటు తిరుగుతున్నామో మనకు తెలుస్తుందా? తెలుస్తుందనే నేనూ అనుకునేవాణ్ణి.

2019 అక్టోబరు 6, సద్దుల బతుకమ్మ రోజు. బస్సుల సమ్మె మొదలై రెండో రోజు కావడంతో దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో ఎక్కి, ఎల్.బి.నగర్‌లో ఉన్న మా మేనకోడలి ఇంటికి వెళ్ళాను. ఇంటినిండా తంగేడు పూలు, గునుగు పూలు. కాని వాళ్ళ ముఖాల్లో పండుగ లేదు. వికారాబాద్ జిల్లా బంట్వారం మండలం సుల్తాన్‌పూర్ దగ్గర చిన్న శిక్షణ విమానమొకటి, సెస్నా 172, చేలో కూలిపోయిందని టీవీలో చెబుతున్నారు. వానా మబ్బూ కమ్మిన వేళ. విమానం నడపడం నేర్చుకుంటున్న ఇద్దరు చనిపోయారు. ఇద్దరూ చిన్నవాళ్ళే.

మా మేనకోడలు టీవీ కట్టేసి, "మామయ్యా, వీడు పైలట్ అవుతానంటున్నాడు. మీరైనా చెప్పండి," అన్నది.

బుజ్జిగాడు మాత్రం, "తాతయ్యా, మబ్బంటే ఆవిరీ, నీటి బొట్లే కదా! అందులోకి పోతే విమానానికి ఏమవుతుంది?" అని అడిగాడు.

గదిలో తిరిగే కుర్చీ ఒకటి ఉంది. వాణ్ణి అందులో కూర్చోబెట్టి, కళ్ళకు గుడ్డ కట్టి, ఒకే వేగంతో మెల్లగా కుడివైపుకు తిప్పాను. కొంతసేపటికి, "ఆపేశారేం?" అన్నాడు. నేను ఆపనే లేదు! తీరా నిజంగా ఆపేసరికి, "ఇప్పుడు ఎడమకు తిప్పుతున్నారు!" అని అరిచాడు. గుడ్డ విప్పాక కుర్చీ కదలకుండా ఉండటం చూసి తెల్లబోయాడు.

దీనికి కారణం మన చెవిలోనే ఉన్నది. లోపలి చెవిలో మూడు అర్ధవృత్తాకారపు గొట్టాలు, వాటిలో ద్రవం ఉంటాయి. తల తిరగడం మొదలైనప్పుడు ద్రవం వెనకబడుతుంది. తిరుగుతున్నామని మెదడుకు కబురు వెళుతుంది. అదే వేగంతో తిరుగుతూ ఉంటే ద్రవం కూడా గొట్టంతో కలిసిపోతుంది, కబురు ఆగిపోతుంది. తిరగడం ఆపితే ద్రవం ఇంకా ముందుకు సాగుతుంది. అప్పుడు తప్పుడు కబురు వెళుతుంది.

నేలా ఆకాశమూ కనిపిస్తున్నంతసేపూ కళ్ళు ఈ తప్పును దిద్దుతాయి. మబ్బులో ఆ రెండూ కనిపించవు. విమానం కొద్దికొద్దిగా ఒక పక్కకు ఒరిగినా, తిన్నగానే పోతున్నామనిపిస్తుంది. కిందికి దిగుతున్నదని ముక్కు పైకెత్తబోతే, ఆ తిరుగుడు మరింత బిగుసుకుంటుంది.

1954లో అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో, పరికరాలు చూసి నడపడం రాని 20 మందిని పరీక్షించారు. బయట ఏమీ కనిపించకుండా చేస్తే అందరికీ విమానం అదుపు తప్పింది. సగటున పట్టిన కాలం 178 సెకన్లు. ఎల్.బి.నగర్‌లో రైలెక్కిన మనం చైతన్యపురి చేరకముందేనన్నమాట! అయితే, పరికరాలు చూస్తూ మెల్లగా వెనక్కి మళ్ళే పద్ధతి నేర్పితే వాళ్ళే చక్కగా నేర్చుకున్నారు.

అటువంటి పరికరాలలో ఒకటి కృత్రిమ క్షితిజం. జోరుగా తిరిగే బొంగరం ఒరగకుండా నిలబడుతుంది, చూశారు కదా? అలాంటి బొంగరమే అందులో ఉండి, విమానం ఎటు ఒరిగినా అసలు క్షితిజం ఎక్కడున్నదో చూపుతుంది. కొత్త విమానాలలో ఆ పని ఎలెక్ట్రానిక్ పరికరాలు చేస్తున్నాయి. ఇలాంటి పరికరాలనే నమ్ముకుని జిమ్మీ డూలిటిల్ 1929లో, బయటికి ఏమీ చూడకుండా, విమానాన్ని లేపి మళ్ళీ దింపాడు.

"అయితే ఒంటి మాట నమ్మకూడదు, ముల్లు మాట నమ్మాలి," అన్నాడు బుజ్జిగాడు.

"అది నేర్చేదాకా మబ్బు జోలికే పోకూడదు," అన్నాను.

మా మేనకోడలు వాడికేసి చాలాసేపు చూసింది. వద్దనలేదు. "మబ్బు కనిపిస్తే వెనక్కి వచ్చేస్తావా? అందరూ పిరికివాడన్నా సరే?" అని అడిగింది.

"వచ్చేస్తానమ్మా," అన్నాడు వాడు.

అప్పుడుగాని ఆమె బతుకమ్మను చేతిలోకి తీసుకోలేదు.

పిల్లలూ, కుర్చీ ప్రయోగం మీరూ చేయండి. పక్కన పెద్దవాళ్ళు ఉండాలి సుమా!