ద్రోణుని ఊరిలో ఒక తూనిక

ఢిల్లీ నుంచి పసుపు మార్గపు మెట్రో రైలులో వచ్చేవారిని గురుగ్రామ్‌లో ముందుగా పలుకరించే స్టేషను పేరు ‘గురు ద్రోణాచార్య’. కౌరవ పాండవులకు విలువిద్య నేర్పిన ఆచార్యునికి ఈ గ్రామం గురుదక్షిణగా లభించిందని ఐతిహ్యం. 2016లో గుర్‌గావ్ పేరు గురుగ్రామ్‌గా మారడానికి ఆ కథే ఆధారం. నేడక్కడ ఎటు చూసినా అద్దాల మేడలే. తలెత్తితే ఇందిరాగాంధీ విమానాశ్రయానికి వచ్చిపోయే విమానాలు.

నన్ను అక్కడికి పంపినది మా అక్క. ఆమె కుమారుడు ఆ ఊరిలో ఇంజనీరు. రెండు సీట్ల విమానాన్ని స్వహస్తాలతో నిర్మిస్తానని కంకణం కట్టుకున్నాడు. “నువ్వు భౌతికశాస్త్రం చెప్పిన మాస్టారివి. నీ మాటైనా వింటాడేమో, మాన్పించు తమ్ముడూ” అన్నది ఆమె కోరిక.

వాడి గది నిండా నకళ్ళే. ముంబయిలో తన ఇంటి డాబా మీద ఆరు సీట్ల విమానం నిర్మించి, 2016లో ప్రదర్శించి, 2017లో దానికి ప్రభుత్వ రిజిస్ట్రేషను సాధించిన పైలట్ అమోల్ యాదవ్ వాడికి ఆదర్శం. నకలులో తోక దగ్గర ఒక చిన్న పెట్టె గీసి ఉన్నది.

“అది పనిముట్ల పెట్టె, మామయ్యా. అయిదు కిలోలే. అక్కడ చోటు ఎలాగూ ఖాళీగా ఉంది” అన్నాడు.

నేనేమీ అనలేదు.

మరునాడు ఇద్దరం జైపూర్ రహదారి పట్టి, మానేసర్ దాటి, బిలాస్‌పూర్ కూడలి వద్ద మళ్ళి తావడూ చేరుకున్నాము. ఒకప్పుడు గుర్‌గావ్ జిల్లాలో ఉండి, నేడు నూహ్ జిల్లాకు చెందిన ఈ పట్టణం చెంత 2013లో హెరిటేజ్ ట్రాన్స్‌పోర్ట్ మ్యూజియం వెలసింది. పల్లకీలు, బండ్లు, పాత మోటారు కార్లు చూసుకుంటూ, 1940ల నాటి పైపర్ జె-3సి కబ్ విమానం వద్ద ఆగాము.

ఆ తరహా విమానపు ఖాళీ బరువు సుమారు 345 కిలోలు. ఇంధనంతో, మనుషులతో కలిపి 550 కిలోలు మించరాదు. ఒకదాని వెనుక ఒకటిగా రెండు ఆసనాలు. విచిత్రమేమంటే, ఒంటరిగా నడిపే పైలట్ వెనుక ఆసనంలోనే కూర్చోవాలి. 65 అశ్వశక్తుల ఇంజనూ, దాని వెనుకనే పెట్రోలు ట్యాంకూ ముక్కువైపే ఉన్నాయి. మనిషి కూడా ముందుకు చేరితే ముక్కు మరీ బరువెక్కి, దిగేటప్పుడు పైకి లేవనంటుంది.

“మరి బరువు వెనక్కి పోతే?” అని అడిగాను.

వాడు ఆలోచనలో పడ్డాడు. ఆ ఊరి ఆచార్యుడే నాకు ఉదాహరణ అందించాడు. బాణానికి బరువైన అలుగు ముందు, తేలికైన ఈకల పింజ వెనుక ఉంటాయి. అందుకే అది సూటిగా పోతుంది. ఆ బరువునే వెనుకకు మార్చి వదిలితే గాలిలో పల్టీలు కొడుతుంది. విమానపు గరిమనాభి, అంటే బరువంతా ఒక్కచోట కూడినట్లు ప్రవర్తించే బిందువు, హద్దు దాటి వెనక్కి జరిగినా ఇంతే. వేగం తగ్గి రెక్కలు పట్టు కోల్పోయినపుడు ముక్కు దించుకోలేదు. సుడి తిరగడం మొదలైతే పైలట్ దానిని ఆపలేకపోవచ్చు.

ఆ రాత్రి కాగితం మీద లెక్క వేశాము. విమానాన్ని ఎగిరే భంగిమలో సమంగా నిలిపి, మూడు చక్రాల కింద మూడు కాటాలు పెట్టాలి. రెక్క ముందంచు నుంచి దూరాలు కొలవాలి. ముందు చక్రాలు రెండూ ఆ అంచుకు 10 సెంటీమీటర్లు వెనుక 170 కిలోల చొప్పున, తోకచక్రం 460 సెంటీమీటర్ల వద్ద 20 కిలోలు తూగాయనుకుందాము. ప్రతి బరువును దాని దూరంతో గుణించి, కూడితే 12,600. మొత్తం బరువు 360తో భాగిస్తే గరిమనాభి 35 సెంటీమీటర్ల వద్ద ఉన్నట్లు.

ఇప్పుడు అయిదు కిలోల పెట్టెను 60 సెంటీమీటర్ల వద్ద, సీటు చెంత పెడితే గరిమనాభి మూడోవంతు సెంటీమీటరు మాత్రమే జరుగుతుంది. తోకలో, 450 వద్ద పెడితే? దాదాపు 5.7 సెంటీమీటర్లు! పెట్టె అదే, బరువూ అదే. కావడి బద్ద పొడవుగా ఉన్నవైపు చిన్న చెంబైనా పెద్ద కుండను లేపగలదు గదా!

1904లో రైట్ సోదరులకూ ఈ పాఠం తప్పలేదు. పైకీ కిందికీ ఊగిసలాడే విమానాన్ని అదుపు చేయడానికి, తేలికదనం కోసం అంతగా తపించిన ఆ సోదరులే ముందు భాగాన సుమారు 32 కిలోల ఇనుము మోయించారు. బరువు శత్రువే, కాని తప్పు చోట ఉన్న బరువు అంతకు మించిన శత్రువు.

మేనల్లుడు చాలాసేపు మౌనంగా ఉన్నాడు. తరువాత రబ్బరుతో ఆ పెట్టెను చెరిపివేశాడు. కొత్త నోటు పుస్తకం తెరిచి, విమానంలో చేరే ప్రతి వస్తువుకూ బరువు, దూరం రాయడానికి గడులు గీశాడు. తోకకు వేసే రంగుకు సైతం ఒక గడి! వాడిని మాన్పించే మాట నా నోట రాలేదు. అంత శ్రద్ధగా తూచేవాడిని ఆపడం కన్న, సరిగా తూచమనడమే మేలనిపించింది.

“మామయ్యా, పక్క సీటులో మొదట కూర్చునేది మీరే. మీ బరువెంత?”

“డెబ్బై అయిదు” అన్నాను, ఏళ్ళుగా అలవాటైన అంకె.

వాడు కలం ఎత్తి పట్టుకున్నాడే గాని రాయలేదు. మూలనున్న కాటాను నా ముందుకు జరిపాడు.

ఎనభై ఒకటి.