బలవంతపు బ్రాహ్మణార్థం

సాయంత్రం సరూర్‌నగర్ చెరువు కట్ట మీద నడక అయ్యాక మా బ్యాచ్ బెంచీ మీద కూలబడుతుంది. మొన్న పక్కింటి సార్ ఫోన్ చూసుకుంటూ ఒకటే రుసరుస. వాళ్లబ్బాయి ఆస్ట్రేలియాలోని అడిలైడ్‌లో సెటిలై, అక్కడి పౌరసత్వం తీసుకున్నాడు. ఓటేయలేదని 20 డాలర్ల జరిమానా పడిందట. "ఇక్కడ ఓటుకి డబ్బులిస్తారు, అక్కడ వేయకపోతే గుంజుతారా? ఇదేం బలవంతం సార్!" అన్నాడాయన.

నాకు నవ్వాగలేదు. ఓటు దగ్గర ఇంత పట్టుబట్టే ఆ దేశమే, బలవంతపు తుపాకీ వద్దని రెండుసార్లు ఓటేసింది మరి. మొదటి ప్రపంచ యుద్ధం నాటి మాట. కుర్రాళ్లను నిర్బంధంగా యుద్ధానికి పంపనా అని ప్రధాని బిల్లీ హ్యూస్ జనాన్నే అడిగాడు. 1916 అక్టోబరులో 72 వేల చిల్లర తేడాతో వద్దన్నారు. మళ్లీ 1917 డిసెంబరులో అడిగితే తేడా లక్షా 66 వేలు దాటింది. (ఓటు తప్పనిసరి అంటూ కేంద్ర చట్టం వచ్చింది 1924లో.) మొదటిసారి సైనికుల్లోనే 58 వేల మందికి పైగా వద్దన్నారు. యుద్ధమంటే ఏమిటో వాళ్లకు ఒకరు చెప్పాలా?

ఆ వద్దన్నవాళ్లలో నాకు నచ్చిన మనిషి జార్జ్ యేట్స్. అడిలైడ్ ఎంపీ, లేబర్ పార్టీ. నిర్బంధం కూడదన్నాడు కదా, పిరికివాడు అనుకునేరు! ఎంపీగా ఉంటూనే తనంతట తాను సైన్యంలో చేరి, ఫిరంగి దళంలో గన్నర్ అయ్యాడు. వయసేమో నలభై దాటింది. యుద్ధం ముగిశాక, ఫ్లూ రోజుల్లో, బూనా అనే నౌకలో సైనికుల తరఫున నోరు విప్పాడని కోర్ట్ మార్షల్ చేసి 60 రోజులు జైల్లో వేశారు. 1919 ఎన్నికల్లో ఓడాడు. 1922లో అదే అడిలైడ్ నుంచి మళ్లీ గెలిచాడు.

ఇక మన సంగతి. మన రాజ్యాంగం 23వ అధికరణ వెట్టిని నిషేధించింది. ఆ పక్కనే, ప్రజాప్రయోజనం కోసం సర్కారు సేవ తప్పనిసరి చేయొచ్చని ఒక సందూ ఉంచింది. అయినా సైన్యంలోకి మాత్రం ఇంతవరకు ఎవరినీ ఈడ్చుకెళ్లలేదు. ఈ కట్ట మీదే తెల్లారకముందు చూడండి. దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్ల పిల్లలు, చేతిలో స్టాప్‌వాచ్, చెమటకు ఒంటికంటుకున్న బనీను. సైన్యంలో చేరే పరుగు పరీక్ష గట్టెక్కాలని ఎవరూ తరమకుండానే పరిగెత్తుతుంటారు.

"ఇంతకీ మావాడు కట్టాలా వద్దా?" అన్నాడు సార్, నా ఉపన్యాసం పూర్తిగా విని.

"కట్టేయమనండి. వచ్చేసారి పోయి ఓటేసి రమ్మనండి. యేట్స్ గెలిచిన నియోజకవర్గం ఇప్పటికీ ఉంది. పేరు కూడా అడిలైడే."