పరుపుకు తొడుగు – నల్లులకు చెర



నల్లుల గురించి ఒక వైద్యుడు రాయవలసినదేముందని మీరు అనుకోవచ్చు. అందుకు కారణమైన నా పొరపాటునే ముందుగా చెబుతాను.

ప్రభుత్వ ఆసుపత్రిలో పనిచేస్తున్న రోజుల్లో ఒక తల్లి తన ఇద్దరు పిల్లలను తీసుకుని వచ్చింది. ఒంటి మీద దద్దుర్లు, రాత్రుళ్లు విపరీతమైన దురద. గజ్జి అని భావించి బెంజైల్ బెంజోయేట్ రాసి ఇచ్చాను. గుణం కనిపించక ఆమె మళ్లీ వచ్చింది. మళ్లీ అదే మందు ఇచ్చాను. మూడవసారి గాని పిల్లవాడి వేళ్ల సందులను పరిశీలనగా చూడలేదు. గజ్జి సాధారణంగా కనిపించే ఆ చోట ఏమీ లేదు. దద్దుర్లన్నీ మెడ మీద, చేతుల మీద వరుసగా ఉన్నాయి. "అమ్మా, మీ మంచాల్లో నల్లులున్నాయా?" అని అడిగితే ఆమె తల వంచుకుంది.

నిజానికి సిగ్గుపడవలసినది నేను. నల్లి మురికి ఇంటినే వెతుక్కుంటూ రాదు. ప్రయాణపు పెట్టెలోనో, హాస్టలు పరుపుచుట్టలోనో, పాత మంచంతోనో ఏ ఇంటికైనా చేరుతుంది.

మా ఇంటికీ అలాగే చేరింది, మనవడి హాస్టలు సామానుతో. "డాక్టరుగారింట్లో నల్లులా! నలుగురూ ఏమనుకుంటారండీ?" అని మా ఆవిడ పరుపు పారవేయమన్నది. అయితే మంచం సందుల్లో ఉన్నవి కొత్త పరుపునూ ఎక్కుతాయి కదా! అందుచేత పరుపును ఆరువైపులా మూసివేసే జిప్పు తొడుగు తెప్పించాను.

ఈ తొడుగు నల్లిని చంపే మందు కాదు. లోపలి నల్లులను బయటకు రానివ్వదు. గుడ్డు నుంచి వెలువడిన పిల్ల పెద్దది కావడానికి అయిదుసార్లు కుబుసం విడవాలి. ప్రతిసారీ రక్తం తాగాలి. అది దొరకక లోపలే నశిస్తాయి. బయట ఉన్నవాటికి పరుపు కుట్లలో దాక్కునే చోటు పోతుంది. లేతరంగు గుడ్డ మీద వాటి నల్లటి మచ్చలు మన కంటపడతాయి.

కొన్ని జాగ్రత్తలు తప్పనిసరి. పెద్ద నల్లులు నెలల తరబడి ఆహారం లేకుండా బ్రతకగలవు కనుక తొడుగును కనీసం ఒక సంవత్సరం విప్పరాదు. జిప్పు చివర కొద్దిపాటి సందున్నా పిల్ల నల్లి దూరిపోతుంది. మంచం మేకులకు తగిలి చిరగకుండా చూడాలి. దిండ్లకూ తొడుగులు వేయాలి. దుప్పట్లను వేడినీళ్లలో ఉతకాలి. మంచం సందుల్లో మరుగునీళ్లు పోయడమనే మన పెద్దల పద్ధతి మంచిదే. మంచాన్ని గోడకు దూరంగా జరిపి, కోళ్ల కింద సబ్బునీళ్ల గిన్నెలు పెట్టండి. దోమలు పెరగకుండా ఆ నీళ్లు మారుస్తూ ఉండండి.

ఒక హెచ్చరిక. పొలానికి కొట్టే పురుగుమందును పరుపు మీద చల్లకండి. ధాన్యం నిల్వలకు వాడే అల్యూమినియం ఫాస్ఫైడ్ మాత్రలను పడకగదిలో ఎన్నడూ పెట్టకండి. వాటి నుంచి వెలువడే ఫాస్ఫీన్ వాయువు నిద్రపోతున్నవారి ప్రాణాలు తీస్తుంది. దానికి ప్రత్యేకమైన విరుగుడు మందు లేదు. నల్లి కాటు వల్ల దురద, నిద్రలేమి కలుగుతాయి. అది రోగాలను వ్యాపింపజేస్తుందని మాత్రం రుజువు కాలేదు. అంతమాత్రానికి పసిపిల్లలున్న గదిని విషంతో నింపడం తగునా?

నల్లి కుట్టినందుకు మంచం దెబ్బలు తింటుందని సుమతీ శతకకారుడు అన్నాడు. మా పరుపు ఆ దెబ్బలు తప్పించుకుంది. పదమూడు నెలల తరువాత జిప్పు తీసి చూస్తే కుట్ల వెంట ఎండిన పొట్టు మాత్రమే మిగిలింది.

మీ ఇంట్లో ఎవరికైనా దురద మందులతో తగ్గకపోతే, మీ మంచం సంగతి వైద్యుడికి మీరే చెప్పండి. నావలె ఆయన కూడా అడగడం మరచిపోవచ్చు.