జేకబ్ మనోడే, కథ మాత్రం మనది కాదు

గ్రూపులో అన్నలు, అక్కలు నోటిఫికేషన్ల గురించి, స్కాలర్‌షిప్‌ల గురించి రాస్తుంటరు. మేము ఈసారి ఒక ప్రేమకథ గురించి రాస్తున్నం. కొంచెం పొడుగైంది, ఓపికతో చదవండి.

మావి కొడంగల్ చుట్టుపక్కల తండాలు. అమ్మానాన్నలు పుణె, ముంబై పనులకు పోతే నానమ్మల దగ్గర పెరిగినోళ్లం. ఇంట్లో కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు. హాస్టల్ రూంలో నలుగురం ఉంటం. ఒక సీనియర్ అక్క పోతూ పోతూ స్టెఫనీ మేయర్ రాసిన ‘ట్విలైట్’ నాలుగు పుస్తకాలు మాకు ఇచ్చిపోయింది. రక్తం తాగే ఎడ్వర్డ్‌కు, మామూలు పిల్ల బెల్లాకు నడుమ ప్రేమ. ఫోన్‌లో డిక్షనరీ పెట్టుకుని, ఒకరు చదువుతుంటే ముగ్గురం వింటూ ఏడాదిలో పూర్తి చేసినం. ఇంగ్లిష్ అంటే ఉన్న భయం సగం అట్లనే పోయింది.

మా రూంలో ఎడ్వర్డ్‌కు ఒక్క ఓటూ పడలేదు. అందరం జేకబ్ వైపే. ఎందుకంటే అతను క్విలియూట్ అనే తెగ పిల్లగాడు. ఆ తెగ నిజంగానే ఉంది. అమెరికాలో సముద్రం ఒడ్డున లా పుష్ అనేది వాళ్ల ఊరు. ఇంత పెద్ద ఇంగ్లిష్ నవలలో మనలాంటోడు ఉన్నడని ఎంత సంబురపడ్డమో!

చివరి పుస్తకం ‘బ్రేకింగ్ డాన్’ 2008లో వచ్చింది. అందులో నడిమి భాగం మొత్తం జేకబే చెప్తడు. ఎవరి కిందా ఉండనని సొంత దారి పట్టినప్పుడు మేము మంచాల మీద లేచి కూర్చున్నం. కానీ అదే భాగంలో ఒక ధనవంతుల పిల్ల అతనికి కుక్క గిన్నెలో అన్నం పెడుతది. పుస్తకంలో అది జోక్. మా రూంలో ఎవరికీ నవ్వు రాలేదు. మన పెద్దోళ్లకు విడిగా పెట్టిన గ్లాసుల ముచ్చట మేము విననిదా?

ఆ తర్వాత బెల్లాకు పుట్టిన పసిబిడ్డను చూడంగనే జేకబ్ మనసు ఆ పిల్లకు కట్టుబడిపోతది. పెద్దయ్యేదాక అన్నలెక్క కాపాడుతడని రచయిత్రి సర్దిచెప్తది. మాలో ఒకామెకు మొన్ననే ఇంట్లో సంబంధం మాట్లాడిండ్రు. అందరికంటే తొందరగా చదివేది ఆమెనే. ఆ పేజీ కాడ పుస్తకం మూసి, “ఆ పిల్లను ఎవరన్న అడిగిండ్రా?” అన్నది. మేము ఏం చెప్పలేకపోయినం.

తర్వాత ఆ తెగ గురించి వెతికినం. తోడేళ్ల నుంచి మనుషులైనమనే కథ వాళ్లకు నిజంగానే ఉంది. రక్తం తాగేటోళ్లతో పగ మాత్రం రచయిత్రి కల్పన. సినిమాలు వచ్చినంక వాళ్ల పేరుతో నగలు, బొమ్మలు అమ్ముకున్నది వేరేటోళ్లు. వాళ్ల బడి మాత్రం సునామీ వస్తే మునిగే చోట ఉండె. ఎత్తు మీదికి పోవడానికి 785 ఎకరాలు ఇస్తూ 2012లో చట్టం వచ్చింది. మన పక్కన లగచర్ల, రోటిబండ తండా భూమి గొడవ చూసినోళ్లకు ఆ ఎకరాల విలువ వేరే చెప్పాల్నా? నాలుగు పుస్తకాల్లో ఆ ముచ్చటే లేదు.

అట్లని పుస్తకం నచ్చలేదంటే అబద్ధం. చివరి పేజీ కాడ ఇద్దరం ఏడ్చినం. కోపమూ ఉంది, ఇష్టమూ ఉంది. జేకబ్‌ను లా పుష్ పిల్ల రాస్తే ఎట్లుండేదో అనిపించింది.

ఇప్పుడు రాత్రిపూట వంతులేసుకుని మా నానమ్మలు చెప్పిన కథలు నోట్‌బుక్‌లో రాస్తున్నం. గోర్ బోలీలో చెప్పుకుని, తెలుగులో రాస్తున్నం. మొదటి కథ రాసింది ఆ సంబంధం వచ్చినామెనే. డిగ్రీ అయ్యేదాక ఆగుమని ఇంటికి ఫోన్ చేసింది. వాళ్లు ఇంకా ఏం చెప్పలేదు.

మీ గూడెంలో, మీ తండాలో ఇట్లాంటి కథలుంటే కింద రాయండి. కోయ, గోండు, ఎరుకల అక్కలు, చెల్లెళ్లు కూడా.