గొలుసు లేని మొదలు

క్రోషా అల్లేవాళ్ళని ఎవర్నైనా అడిగి చూడండి. అల్లికలో విసుగు పుట్టించేవి పూలూ కావు, అంచులూ కావు, మొట్టమొదట వేసే గొలుసే అంటారు. 180 చైన్లు వేయాలని కూర్చుంటాం. 132 దగ్గర కుక్కర్ కూత వేస్తుంది. వెళ్ళి స్టవ్ కట్టేసి వచ్చేసరికి అది 132ఆ, 123ఆ అని అనుమానం. మళ్ళీ మొదటినుంచి లెక్క.

పోనీ లెక్క సరిపోయిందనుకోండి, అక్కడితో కష్టం తీరదు. గొలుసు బిగిస్తే మొదటి వరసకి సూది దూరదు. వదులు చేస్తే అంచు వేలాడుతుంది. మధ్యలో మెలి తిరిగితే ఏది ముందో ఏది వెనకో తెలియదు. వరస పూర్తయ్యాక నాలుగు కుట్లు తగ్గాయని తేలితే విప్పడం తప్ప దారి లేదు. అందుకే చెయ్యి తిరిగినవాళ్ళు లెక్కకన్నా పది చైన్లు ఎక్కువే వేసుకుని, మిగిలినవి తర్వాత విప్పేస్తారు.

'ఆదిలోనే హంసపాదు' అంటాం కదా. బీఏలో మా మాస్టారు ఆ మాట వెనక సంగతి చెప్పారు. రాస్తున్నప్పుడు ఒక అక్షరమో మాటో జారిపోతే, ఆ చోట హంస పాదంలాంటి గుర్తు పెట్టి, వదిలేసింది పైన రాస్తారు. రాతలో ఆ వెసులుబాటైనా ఉంది. క్రోషా గొలుసులో మధ్యలో వదిలేసినదాన్ని ఇరికించడానికి హంసపాదు కూడా ఉండదు.

ఈ విసుగు మా అత్తయ్యకి మాత్రం ఎప్పుడూ లేదు. పక్కింటావిడతో మాట్లాడుతూనే రెండొందల చైన్లు వేసేవారు, ఒక్కటి తప్పేది కాదు. ఆవిడ పుట్టిల్లు పాలకొల్లు దగ్గర పల్లె. ఆ ప్రాంతం సంగతి మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. పందొమ్మిదో శతాబ్దంలో క్రైస్తవ మిషనరీలు గోదావరి డెల్టాలో ఆడవాళ్ళకి లేసు అల్లడం నేర్పారు. అది నరసాపురం, పాలకొల్లు చుట్టుపక్కల ఊళ్ళల్లో అరుగు అరుగుకీ పాకింది. ఇంట్లోంచి కాలు బయటపెట్టని ఆడవాళ్ళు అల్లిన టేబుల్ గుడ్డలు సముద్రాలు దాటి వెళ్ళాయి. 2024లో నరసాపురం క్రోషా లేసుకి భౌగోళిక సూచిక గుర్తింపు కూడా వచ్చింది.

అత్తయ్య పదేళ్ళ వయసులో సూది పట్టారట. ఏజెంటు దారం ఇచ్చి వెళ్ళేవాడు, అల్లినది పట్టుకెళ్ళి డబ్బు ఇచ్చేవాడు. పెళ్ళయ్యాక కూడా ఆ పని మానలేదు. మా ఆయన కాలేజీ ఫీజులో ఆ లేసు డబ్బు ఉంది. అయినా ఎవరైనా అడిగితే ఆవిడ చెప్పే మాట ఒకటే: "ఏదో ఖాళీగా ఉన్నప్పుడు చేసుకునేదాన్నమ్మా." ఆ ఖాళీ రోజుకి ఆరేడు గంటలు! జర్మన్ సామాజికవేత్త మరియా మీస్ నరసాపురం లేసు పనివాళ్ళ మీద పరిశోధన చేసి 1982లో ఒక పుస్తకం తెచ్చారు. ప్రపంచ మార్కెట్ కోసం సరుకు తయారుచేస్తున్నా వీళ్ళని గృహిణులుగానే లెక్కేశారనీ, వీళ్ళ పనిని తీరిక వేళ కాలక్షేపం కింద కొట్టిపారేశారనీ ఆవిడ వాదన. అది తెలిసినప్పుడు నాకు అత్తయ్య "ఖాళీ"యే గుర్తొచ్చింది.

అత్తయ్యకి ఇప్పుడు 76. రెండేళ్ళ కిందట కంటి రెటీనా మధ్యలో ఉండే మాక్యులా దెబ్బతింటోందని డాక్టరు చెప్పారు. వయసుతో వచ్చేదే, పోయిన చూపు తిరిగి రాదన్నారు. పక్కల చూపు ఉంది కాబట్టి ఇంట్లో ఎవరి సాయం లేకుండా తిరుగుతారు, పెరట్లో మొక్కలకి నీళ్ళు పోస్తారు. ఎదురుగా సూటిగా చూసేదే మసక. మనిషి వచ్చినట్టు తెలుస్తుంది, ముఖం తెలియదు. ఇక సన్న దారం సంగతి చెప్పేదేముంది! ఒకరోజు సూదులున్న రేకుపెట్టె తెచ్చి నా చేతిలో పెట్టి, "నువ్వు వాడుకో అమ్మాయ్, నాకింక పనిలేదు" అన్నారు. మధ్యాహ్నాలు టీవీ ముందు కూర్చుంటారు కానీ బొటనవేలూ చూపుడువేలూ ఒకదానిమీద ఒకటి రాసుకుంటూనే ఉంటాయి.

లావు దారం, పెద్ద సూది అయితే చేయగలరేమో అనిపించింది. 5 ఎంఎం సూది, మందపాటి ఊలు తెచ్చిచ్చాను. గొలుసు చకచకా వేసేశారు, దానికి చూపు అక్కర్లేదు. రెండో వరసకొచ్చేసరికి ఆగిపోయింది. ప్రతి చైన్‌లోనూ సూది ఎక్కడ దూర్చాలో వేలికి దొరకదు. గొలుసు చుట్టుకుపోతుంది. ఒక చోట రెండు చైన్లు వదిలేస్తే, ఇంకోచోట ఒకదాంట్లోనే రెండు కుట్లు. నాలుగుసార్లు విప్పి ఐదోసారి పక్కన పెట్టేశారు. "మొదలే దొరకనప్పుడు మిగతాది ఎందుకులే" అన్నారు. ఆవిడ నోట అలాంటి మాట నేనెప్పుడూ వినలేదు.

అసలు గొలుసు లేకుండా మొదలుపెట్టలేమా అని అప్పుడే వెతకడం మొదలుపెట్టాను. ఉందండీ అలాంటి కుట్టు. దాని పేరు ఫౌండేషన్ క్రోషా, అంటే పునాది కుట్టు. గొలుసునీ మొదటి వరసనీ విడివిడిగా కాకుండా ఒకేసారి అల్లుకుంటూ పోవడం. వీడియోలు బోలెడున్నాయి. పేర్ల దగ్గర కాస్త జాగ్రత్త. అమెరికావాళ్ళు సింగిల్ క్రోషా అనేదాన్నే ఇంగ్లండువాళ్ళు డబుల్ క్రోషా అంటారు. మా ఇంట్లో ఈ గొడవ లేదు. అత్తయ్య లెక్కలో పొట్టి కాడ, పొడుగు కాడ, అంతే.

పొట్టి కాడతో ఎలాగో చెప్తాను. ముడి వేసి రెండు చైన్లు వేయండి. ముడి పక్కనున్న మొదటి చైన్‌లో సూది దూర్చి, దారం చుట్టి లాగండి. సూది మీద రెండు లూపులుంటాయి. ఇప్పుడు దారం చుట్టి ఒక్క లూపులోంచే లాగండి. ఈ చిన్న అడుగే గొలుసు కింద లెక్క. మళ్ళీ దారం చుట్టి రెండు లూపుల్లోంచీ కలిపి లాగితే పైన కుట్టు తయారు. రెండో కుట్టుకి సూదిని పైన కాకుండా, ఇప్పుడే వేసిన కుట్టు పాదం దగ్గరున్న చైన్‌లోకి, దాని రెండు పోగుల కిందనుంచి దూర్చాలి. మళ్ళీ అదే వరస: దారం లాగు, ఒక్కదాంట్లోంచి, రెంటిలోంచి.

మూడు మధ్యాహ్నాలు పట్టింది నాకు చెయ్యి కుదరడానికి. కిందిచైన్ వదులైపోవడం ఇందులో ఉన్న చిక్కు. మందు ఏమిటంటే, చైన్ వేసిన వెంటనే దాన్ని ఎడమ బొటనవేలితో నొక్కి పట్టుకోవాలి. తర్వాతి కుట్టుకి సూది వెళ్ళాల్సింది సరిగ్గా ఆ వేలి కిందకే. అంటే ఎక్కడ దూర్చాలో కంటితో వెతకక్కర్లేదు, వేలు ముందే అక్కడ కాపలా ఉంటుంది.

నాలుగోరోజు అత్తయ్య మంచం మీద ఆవిడ వెనకగా కూర్చుని, ఆవిడ చేతుల మీద నా చేతులు వేశాను. ఇరవై రెండేళ్ళ కిందట, కొత్తకోడలిగా వచ్చినప్పుడు, నాకు లేసు నేర్పడానికి ఆవిడ అలాగే కూర్చున్నారు.

"బొటనవేలు తియ్యకండి అత్తయ్యా. అదే మీ గుర్తు."

"తియ్యనులే. నువ్వు చెయ్యి వదులు, నీ బరువు నా మీద వేస్తున్నావు" అన్నారు.

చెయ్యి వదిలాను. ఓ పది కుట్లు మెల్లగా సాగాయి. తర్వాత సూది ఊపు అందుకుంది. ఒక బెత్తెడు అల్లాక దాన్ని వేళ్ళ మధ్య తడిమి చూసుకుని అన్నారు, "ఇది గొలుసు కాదే, జడ. కింది పాయ పట్టుకుంటే పై పాయ దానంతటదే వస్తోంది." బీఏ చదివిన నాకు తట్టని పోలిక!

ఇంకో మేలు ఆవిడే కనిపెట్టారు. దీనికి ముందుగా లెక్క అక్కర్లేదు. ఎంత పొడుగు కావాలో అంత అయ్యేదాకా అల్లుకుంటూ పోవడమే. అత్తయ్య చైన్లు లెక్కపెట్టడం మానేసి జానతో కొలవడం మొదలుపెట్టారు. "రెండు జానలయింది, ఇంకో బెత్తెడు చాలా?" అని అడుగుతారు. తక్కువైతే ఇంకో నాలుగు కుట్లు, ఎక్కువైతే నాలుగు విప్పడం. తర్వాతి వరసలు పొడుగు కాడలతో అల్లితే, సూదిని కుట్టు తలలో కాకుండా రెండు కాడల మధ్య సందులో దూర్చవచ్చు. ఆ సందు వేలికి సులువుగా దొరుకుతుంది.

మీరు ప్రయత్నించాలనుకుంటే ఇది ఎక్కడ పనికొస్తుందో కూడా చెప్పాలి. మెడ, చేతుల అంచులకి చాలా బాగుంటుంది, మామూలు గొలుసులా బిగుసుకుపోకుండా మిగతా అల్లికతోపాటు సాగుతుంది. గుండ్రంగా కలిపి అల్లే టోపీలకి మెలి పడే భయం తక్కువ. దుప్పట్లలాంటి వెడల్పు పనులకి లెక్క బాధ తప్పుతుంది. అల్లిక మధ్యలో ఒక పక్క వెడల్పు పెంచాలన్నా, వరస చివర కుట్టు పాదంలో సూది దూర్చి ఇదే పద్ధతిలో కొత్త కుట్లు చేర్చుకోవచ్చు. హంసపాదు పెట్టుకోవడానికి చోటు దొరికినట్టే.

అన్నిటికీ ఇదే అనను. మధ్యలో రింగుతో మొదలై చుట్టూ పెరిగే పూలకీ, గుండ్రటి టేబుల్ గుడ్డలకీ దీంతో పనిలేదు. సన్న దారంతో గళ్ళ లేసు అల్లేటప్పుడు అంచు పలచగా కావాలంటే పాత గొలుసే అందం. కొత్తగా నేర్చుకునేవాళ్ళు మందపాటి, లేత రంగు దారం తీసుకోండి, కుట్టు కాళ్ళు స్పష్టంగా కనబడతాయి. మొదటి ఇరవై కుట్లు చూసి ఇది నావల్ల కాదనుకోకండి.

ఊలుతో మఫ్లరు అల్లమంటే, "ఈ ఎండల్లో ఎవరికే మఫ్లరు?" అని అత్తయ్య కొట్టిపారేశారు. నూలు లావుదారం తెప్పించుకుని సంచులకి పట్టీలు అల్లుతున్నారు. మొదటిది హాస్టల్లో ఉన్న మా అమ్మాయి గుడ్డ సంచికి. పొడుగెంతో తన భుజం మీద వేసుకుని చూసుకున్నారు. అమ్మాయి ఫోన్లో చూసి, "నానమ్మా, మా ఫ్రెండ్స్ కూడా అడుగుతున్నారు, అల్లిపెడతావా?" అంది.

"అల్లుతా. ఎంతిస్తారంట?" అన్నారు అత్తయ్య.

నేను నవ్వబోయి ఆగాను. ఆవిడ ముఖంలో నవ్వు లేదు. ఒక పట్టీకి ఎంత దారం పడుతోంది, ఎన్ని పూటలు పడుతోంది అని నాచేత లెక్క వేయించి 150 రూపాయలని ధర కట్టారు. మూడు పట్టీల డబ్బు నా ఫోన్‌కి వచ్చింది. ఫోన్లో అంకె ఆవిడకి కనబడదు కదా, ఏటీఎంకి వెళ్ళి నోట్లు తెచ్చి చేతిలో పెట్టాను. ఒక్కొక్కటీ తడిమి లెక్కపెట్టుకున్నారు.

"ఆ రేకుపెట్టె ఎక్కడ పెట్టావ్?" అని అడిగారు. తెచ్చిచ్చాను. సూదులన్నీ ఒక పక్కకి జరిపి డబ్బు అందులో పెట్టుకున్నారు. పెట్టె ఇప్పుడు ఆవిడ తలగడ పక్కనే ఉంటోంది. నాకు సూది కావాలంటే అడిగి తీసుకోవాలి.