వాడ మాట – 11: నలుగురా? నాలుగా?

పోయిన మంగళవారం పొద్దున సూళ్లూరుపేట బస్టాండు దగ్గర టీ తాగుతున్నాను. తొమ్మిదిన్నరకు ఫస్టియర్ వాళ్లకు క్లాసు. పక్కన బండి మీద కూర్చున్న ఒకాయన ఫోన్లో గట్టిగా మాట్లాడుతున్నాడు. లేబర్ కాంట్రాక్టరని మాటతీరే చెబుతోంది.

"రేపు చెన్నై నించి నలుగురు ఇంజినీర్లు వస్తా ఉండారు. వాళ్లకి మంచి రూములు చూడు. అట్నే నాకు ఇంకా నాలుగు లేబర్ కావాల. తెలుగోళ్లొద్దు సామీ, హిందీవోళ్లనే దించు."

తెలుగు పాఠం చెప్పేదాన్ని కదా, ముందు తప్పు పట్టుకోవడమే అలవాటు. 'నాలుగు లేబర్' తప్పు, 'నలుగురు' అనాలి అనుకున్నాను. రోడ్డు దాటేలోపే తెలిసొచ్చింది, ఆయనకు భాష రాక కాదు. ఒకే ఊపిరిలో ఇంజినీర్లను నలుగురన్నాడు, కూలీలను నాలుగన్నాడు. ఎవరిని మనుషుల్లో కలపాలో, ఎవరిని సరుకులో కలపాలో ఆయనకు బాగా తెలుసు. అందుకే వాళ్లకు రూములు 'చూడమన్నాడు', వీళ్లను 'దించమన్నాడు'. దించేది సిమెంటు మూటల్ని, ఇటుకల్ని.

మిత్రులారా, మన భాషలో మనుషులకు వేరే లెక్క ఉంది. మూడు కుర్చీలు, ముగ్గురు పిల్లలు. నాలుగు మేకలు, నలుగురు కాపర్లు. ఏడు దాకా ఇట్లా నడుస్తుంది, ఎనిమిది నుంచి 'మంది' వచ్చి చేరుతుంది. ఇంగ్లీషులో మేకలైనా ఫోరే, మనుషులైనా ఫోరే. తెలుగు మాత్రం లెక్కపెట్టేటప్పుడే ఎదుటివాళ్లను మనుషులని ఒప్పుకుంటుంది. చాలా మంచి గుణం. కానీ ఒప్పుకునే వీలు ఉన్నచోట, ఒప్పుకోకుండా ఉండే వీలు కూడా ఉంటుంది.

ఈ గీత ఎప్పుడూ అందరికీ సమంగా లేదు. చిన్నయసూరి బాలవ్యాకరణం (1858) మహద్వాచకాలు అన్నప్పుడు అందులో ఆడవాళ్లు లేరు. ఈరోజుకీ ఒక్క ఆడమనిషి వస్తే 'వచ్చింది' అంటాం. ఆవు వచ్చినా అదే, బస్సు వచ్చినా అదే. మర్యాద కావాలంటే బహువచనం అరువు తెచ్చి 'వచ్చారు' అనాలి. ఆ అరువు ఎవరికి పుడుతుంది? మా కాలేజీలో నాకు పుడుతుంది, 'మేడమ్ వచ్చారు' అంటారు. నా గది ఊడ్చే ఆమె నాకంటే ఇరవై ఏళ్లు పెద్దది. ఆమెకు పుట్టదు. చూడండి, ఇప్పుడు నేనే 'పెద్దది' అని రాశాను. దిద్దకుండా అట్లాగే వదిలేస్తున్నాను.

మా వైపు పెంచలయ్యలు ఎక్కువ. ఊళ్లో పెంచలయ్య డెబ్భై ఏళ్లకీ పెంచలయ్యే. వాడలో పెంచలయ్య డెబ్భై ఏళ్లకీ పెంచలిగాడే. మా అవ్వ అంగడికి బయల్దేరుతూ "ఊళ్లోకి పొయ్యొస్తా" అనేది. చిన్నప్పుడు అర్థమయ్యేది కాదు, మనం ఉండేది ఊరు కాదా అని. ఓటరు లిస్టులో ఒకటే ఊరు, పంచాయతీ ఒకటే. మాటలో మాత్రం ఊరు ఎదురుగా ఎక్కడో ఉంటుంది, మనం దాంట్లోకి పోయి రావాలి. తరతరాలుగా పుట్టిన నేల మీదే మా అవ్వ బయటి మనిషి. కాబట్టి బయటివాళ్లను భాష ఎట్లా తయారుచేస్తుందో మనకు ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు. మాట ఉత్త మాట కాదని, దాంతో మనిషిని కొట్టొచ్చని 1989 అత్యాచారాల నిరోధక చట్టంలో రాయించుకున్నది మనమే.

ఇప్పుడు సూళ్లూరుపేటకు వద్దాం. ఈ ఊరికి వలస వచ్చినవాళ్లు ఎవరు?

1969లో శ్రీహరికోటను రాకెట్ కేంద్రానికి ఎంచుకున్నారు. ఆ తర్వాత కేరళ నుంచి, తమిళనాడు నుంచి, ఉత్తరాది నుంచి ఎంతోమంది వచ్చారు. వాళ్లలో చాలామంది మన పేటలోనే షార్ కాలనీలో ఉంటున్నారు. యాభై ఏళ్లు దాటింది. వాళ్లను 'వలస వచ్చినోళ్లు' అని ఒక్కరైనా అనగా విన్నారా? సార్లు, సైంటిస్టులు, షార్‌లో చేస్తారు. తెలుగు రాకపోయినా తప్పు లేదు, మనమే వచ్చీరాని హిందీలో, ఇంగ్లీషులో మాట్లాడి మురిసిపోతాం. ఆ దీవిలో ముందు నుంచీ బతికిన యానాదులు మాత్రం ఎక్కడికి పోయినా 'యానాదోళ్లే'. 'కాలనీ' అనే మాటే తీసుకోండి. షార్ కాలనీ అంటే ఇంటి అద్దె పెరుగుతుంది. ఎస్సీ కాలనీ అంటే ఆటో అతను కూడా ఒక్క క్షణం ఆలోచిస్తాడు.

శ్రీసిటీ, తడ, మేనకూరు వైపు ఫ్యాక్టరీలు వచ్చాక ఒడిశా, బీహార్, జార్ఖండ్, బెంగాల్, అస్సాంల నుంచి పిల్లలు వస్తున్నారు. వాళ్లందరికీ కలిపి మనం పెట్టిన పేరు 'హిందీవోళ్లు'. ఆ పిల్లల్లో ఒకరి ఇంటి భాష ఒడియా, ఒకరిది సంతాలీ, ఒకరిది బెంగాలీ. హిందీ వాళ్లకూ మనలాగే బయట నేర్చుకున్న భాష. అయినా ఒకటే సంచిలో వేశాం.

మరి మనల్ని? ఇక్కడి నుంచి చెన్నై 80 కిలోమీటర్లు. సబర్బన్ రైలెక్కితే చాలు. మా నాన్న నా చిన్నప్పుడు అక్కడ బిల్డింగ్ పనులకు పోయేవాడు. అక్కడ ఆయన పేరు 'గొల్టి'. తెలుగు అనే మాటను తిరగేసి చేసిన వెక్కిరింత. ఇంటికొచ్చి నవ్వుతూ చెప్పేవాడు, మేమూ నవ్వేవాళ్లం. ఆ నవ్వులో ఏముందో పీహెచ్‌డీ చేసేటప్పుడు గానీ నాకు అర్థం కాలేదు. తమిళనాడులో వీధులూడ్చే తెలుగు మాట్లాడే అరుంధతీయులు తరాలుగా అక్కడే పుట్టి అక్కడే పోతున్నారు. ఎన్నికలొస్తే వాళ్ల మీద కూడా 'వందేరి' అనే మాట పడుతుంది. అంటే వచ్చి చేరినవాడని. ఇవతల మనమేమైనా తక్కువ తిన్నామా? 'అరవోడు' అనే మాటను మర్యాదగా అన్నవాళ్లను నేను చూడలేదు.

2020 గుర్తు తెచ్చుకోండి. మార్చి 25 నుంచి లాక్‌డౌన్. ఏప్రిల్, మే ఎండల్లో చెన్నై నుంచి హైవే మీద మన పేట మీదుగా ఉత్తరానికి నడిచిపోయినవాళ్లను మనం కళ్లారా చూశాం. నేనూ, నా స్టూడెంట్లు కొందరూ మజ్జిగ పంచాం. ప్రతి చానల్లో ఒకటే మాట, 'వలస కూలీలు'. మే 7 నుంచి విదేశాల్లో ఉన్నవాళ్ల కోసం విమానాలు మొదలయ్యాయి. అందులో వచ్చినవాళ్లను వలసవాళ్లు అనలేదు. 'విదేశాల్లో చిక్కుకుపోయిన భారతీయులు' అన్నారు. మనవాళ్లయితే 'ప్రవాసాంధ్రులు'. ప్రవాసం అన్నా, వలస అన్నా ఉన్నచోటు వదిలి ఇంకోచోట బతకడమే. అమెరికా పోతే సంస్కృతం, అంబత్తూరు పోతే తెలుగు.

ఇంతవరకూ రాయడం నాకు తేలికే. ఇక్కడి నుంచి తేలిక కాదు.

మా కాలనీలో మా ఇంటి వెనక ఒక రేకుల గది ఉంది. నిరుడు అమ్మ దాన్ని ఒడిశా పిల్లలకు అద్దెకిచ్చింది. తలకింత అని మాట్లాడుకుంది. మనవాళ్లకిస్తే గదికింత అనేది. ఫ్యాన్ సరిగ్గా తిరగదు కదమ్మా అంటే, "వాళ్లకేందిలే మా, ఎట్నో పడుంటారు" అంది. మనం ఉంటాం, వాళ్లు పడుంటారు. నేను డిగ్రీ చదువుతూ నెల్లూరులో గది కోసం తిరిగినప్పుడు, ఒక ఇంటామె "మీరేంటోళ్లు?" అనడిగి, నేను చెప్పాక లోపలికి పోయి, కూతురితో అన్న మాట ఇదే. "వెనక షెడ్డు ఉంది గదా, దాంట్లో పడుంటుందిలే." ఆ మాట నా చెవిలో పదిహేనేళ్లుగా ఉంది. అమ్మ నోట విన్నప్పుడు మాత్రం నేనేమీ అనలేదు. అద్దె డబ్బులు మా ఇంటికే కదా వచ్చేది.

సంక్రాంతి తర్వాత మా వీధిలో ఒక ఫోన్ పోయింది. చార్జింగ్ పెట్టిన చోటు నుంచి పోయింది. ఎవరూ ఎవరినీ అడగలేదు. "హిందీవోళ్లే" అనే మాట ఎవరి నోట మొదలైందో కూడా తెలియదు. రాత్రి తొమ్మిదింటికి మా తమ్ముడితో సహా పది పన్నెండు మంది ఆ గది ముందు ఉన్నారు. మా కాలనీ పిల్లలే. ఏప్రిల్ 14న నాతోపాటు ర్యాలీలో నడిచే పిల్లలే. "ఒరేయ్, బయటికి రండ్రా" అంటున్నారు. సంచులు బయటపడేశారు. దుప్పట్లు, గిన్నెలు, ఒక దేవుడి పటం. ఫోన్ లేదు. ఆ ఫోన్ ఇప్పటికీ దొరకలేదు.

నేను వెళ్లి అడ్డం నిలబడ్డాను. గొప్పగా ఏమీ కాదు, ఆలస్యంగా. అప్పటికే అంతా అయిపోయింది. అందరూ పోయాక వాళ్లలో ఒకతను సంచి సర్దుకుంటూ నాతో అన్నాడు. "మేడమ్, మాకు తెలుగు అర్థమవుతాది. మాది రాయగడ."

రాయగడలో తెలుగు మాట్లాడేవాళ్లు చాలామంది ఉన్నారని నాకు తెలుసు. పుస్తకాల్లో చదివాను, క్లాసులో చెప్పాను. ఎనిమిది నెలలు మా వెనక గదిలో ఉన్న మనిషిని మాత్రం అడగలేదు. ఆ ఎనిమిది నెలలూ అతను అన్నీ విన్నాడు. పడుంటారు అన్నది విన్నాడు. కంపెనీ బస్సు దగ్గర నాలుగు, ఐదు అని లెక్కపెట్టడం విన్నాడు. "మరి ఎందుకు మాట్లాడలేదు?" అన్నాను. "మీరు పిలిస్తే గదా" అన్నాడు. వాళ్ల ఊళ్లో వాళ్ల ఇళ్లు కూడా ఊరికి దూరంగానే ఉంటాయట. ఆ మాటతో ఇంకేం అడగాలో నాకు తోచలేదు.

అమెరికాలో, లండన్లో చదివొచ్చిన అంబేద్కర్‌కు బరోడాలో ఉండటానికి గది దొరకలేదు. పార్సీ సత్రంలో పార్సీ పేరుతో తలదాచుకుంటే, పదకొండో రోజు కర్రలతో వచ్చి వెళ్లగొట్టారు. ఆ అనుభవాలు రాసుకున్న చిన్న పుస్తకం 'వీసా కోసం ఎదురుచూపు' అనే పేరుతో మనకు తెలుసు. సొంత దేశంలో ఉన్నవాడికి వీసా ఎందుకు అని మనం ఏటా మీటింగుల్లో అడుగుతాం. ఆ రాత్రి మా వీధిలో వీసా అడిగింది మనమే. కర్రలు లేవు, అంతే తేడా.

మా తమ్ముడి కోపానికి కారణం లేకపోలేదు. వాడు రెండేళ్లుగా పర్మినెంటు కాని పనుల్లో తిరుగుతున్నాడు. "హిందీవోళ్లు మన పని లాక్కుంటా ఉండారక్కా" అంటాడు. ఆ వాక్యాన్ని నేను బోర్డు మీద రాసినట్టు విడదీసి చూపించాను. కర్త ఎవరు? హిందీవోళ్లు. కర్మ, మన పని. క్రియ, లాక్కోవడం. మరి రేటు తగ్గించినవాడు ఎక్కడ? 'తెలుగోళ్లొద్దు' అన్నవాడు ఎక్కడ? మనవాళ్లు కూలి పెంచమంటారు, ఆదివారం ఓటీ డబ్బులు అడుగుతారు, అందుకే వద్దన్నాడు. వాళ్లు అడగలేరు, అందుకే కావాలన్నాడు. ఆ మనిషి వాక్యంలో నుంచే మాయమైపోయాడు. ఇక మనం పోట్లాడటానికి మిగిలింది మన గది వెనక ఉన్న నలుగురే. 2025 దాకా అమల్లో ఉన్న అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం 1979లోనే చెప్పింది, ఒకే పనికి స్థానికులకు ఇచ్చే కూలే వాళ్లకూ ఇవ్వాలని. అది సరిగ్గా అమలై ఉంటే వాళ్లకెంత లాభమో మా తమ్ముడికీ అంతే లాభం ఉండేది. చౌక అనే ఒక్క కారణంతో తమ్ముణ్ణి పక్కన పెట్టడం కుదిరేది కాదు.

మాట మారిస్తే కూలి మారదు, నాకు తెలుసు. 'మీరు' అంటూనే జీతం ఎగ్గొట్టేవాళ్లను చూశాను. అయితే ఒకరిని 'నాలుగు'లో కలిపేశాక వాళ్ల కూలి గురించి అడగాలని ఎవరికీ తోచదు. ఇటుకకు ఓటీ ఎవరైనా అడుగుతారా?

ఆ పిల్లలు పోయిన నెల గది ఖాళీ చేశారు. అమ్మ అద్దె నోటుబుక్కు తీసి చూశాను. ఎనిమిది నెలలకూ ఒకటే రాత, 'హిందీ – 4'. పేర్లు లేవు. అమ్మకు చూపించి ఏమీ అనలేదు. కాసేపు చూసి తనే అంది. "నాట్లప్పుడు రెడ్డేరి పుస్తకంలో మమ్మల్ని గూడా ఇట్నే రాసేవాళ్లు మా. 'మాల – 10' అని."

ఇప్పుడు ఆ గదిలో ముగ్గురున్నారు. జార్ఖండ్ నుంచి వచ్చారు. అద్దె గదికింత. ఫ్యాన్ బాగుచేయించాం. నోటుబుక్కులో అమ్మ పేర్లు రాయించింది, ఒక పేరు ఆమెకు పలకడం రాక రోజూ అడుగుతుంది. మా వీధిలో 'హిందీవోళ్లు' అనే మాట పోలేదు. తమ్ముడు ఇంకా నాతో సరిగ్గా మాట్లాడటం లేదు.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఈ వేసవిలో మీలో చాలామంది సర్వేలకు, మెంబర్‌షిప్ పనులకు కాలనీల్లో తిరుగుతారు. వెనక గదుల తలుపు కూడా తట్టండి. ఫారంలో 'వలస కూలీలు – 4' అని రాసి రావద్దు. నలుగురి పేర్లూ అడిగి రాసుకోండి. వాళ్లకు తెలుగు వచ్చేమో కూడా అడగండి.

జై భీమ్.