కిడ్నీ ఫైల్లో లేని కాగితం

అడిక్‌మెట్ ఫ్లైఓవర్‌కు కాస్త ఇవతల, కిరాణా కొట్టు పైన ఇరుకు గది. చెవి మిషన్లు అమరుస్తారు, వాటికి మౌల్డులూ అక్కడే చేస్తారు. మిషన్ల ధరలు ఎందుకంత మండిపోతున్నాయో కనుక్కుని రాయమని ఎడిటర్ పంపారు. ఆ సంగతి ఇట్టే తేలిపోయింది. మిగతా పూటంతా అక్కడి పెద్దాయన చేతులు చూస్తూ కూర్చున్నాను.

ఆయన ముందు పదేళ్ల పిల్లాడు. మొహం ఉబ్బింది. మెడ పక్కన డయాలసిస్ గొట్టం మీద తెల్ల ప్లాస్టర్. పెద్దాయన మోచెయ్యి దానికి తగలకుండా పక్కకు ఒరిగి, చెవిలోకి లైటు వేసి చూశారు. దారం కట్టిన స్పాంజి ముక్కను లోపలి మలుపు దాకా నెట్టారు, పోసే ముద్ద కర్ణభేరికి అంటుకోకుండా. రెండు రంగుల సిలికాన్‌ను వేళ్లతో పిసికి, సిరంజిలో కూరి, చుక్క ఖాళీ లేకుండా నింపారు.

“నవ్వొద్దు బేటా, దవడ కదిలితే సైజు తప్పుతది.”

వాడికి అందినట్టు లేదు. ఆయన ముందుకొచ్చి, మొహం కనబడేలా నిలబడి మళ్లీ చెప్పారు. ముద్ద గట్టిపడ్డాక మెల్లగా తిప్పి లాగితే చెవి లోపలి వంపులన్నీ అచ్చుపడి వచ్చాయి. మౌల్డులో సన్నని బెజ్జం కూడా పెడతారట. బాగా వినబడే బొంగురు శబ్దాలు దానిగుండా మామూలుగానే వెళ్తాయి, మిషను సన్నని శబ్దాలకు మాత్రమే బలం ఇస్తుంది.

“రెండేండ్ల సంది తిరుగుతున్నం సార్,” అంది తల్లి. “నెత్తురు ఎన్నిసార్లు తీసిండ్రో లెక్కలేదు. చెవి సంగతి ఒక్కలన్న అడగలె. బడిల టీచరమ్మ పరాకు ఎక్కువ అన్నది.”

పెద్దాయన నోటికి అట్ట అడ్డం పెట్టుకుని ‘సబ్బు’ అన్నారు. ‘డబ్బు’ అన్నాడు పిల్లాడు. ‘సీత’ అంటే ‘ఈత’ అన్నాడు. వినికిడి పరీక్ష చార్టులో వెయ్యి హెర్ట్జ్ దాకా బాగానే నడిచిన గీత, 4000 దగ్గర 60 డెసిబెల్స్‌కు జారింది. 20 లోపు ఉండాలి. పిలిస్తే పలుకుతాడు, ఫ్లైఓవర్ కింద రైలు కూత వింటాడు. ఇంట్లోవాళ్లకు అనుమానం ఎందుకొస్తుంది?

కిడ్నీకీ చెవికీ చుట్టరికం పాతదే. లోచెవిలో ఒక పొర అక్కడి ద్రవంలో పొటాషియం తగ్గకుండా లవణాలను అటూ ఇటూ పంపుతుంటుంది. కిడ్నీ పనికి ఇది దగ్గరి పనే. రెండు చోట్లా నాలుగో రకం కొల్లాజెన్ ఉంటుంది. అది పుట్టుకతోనే లోపిస్తే వచ్చే జబ్బును సెసిల్ ఆల్పోర్ట్ అనే వైద్యుడు 1927లోనే వివరించాడు: మూత్రంలో నెత్తురు, ఎదిగే వయసులో చెవుడు. ఇక మందులు. అమికాసిన్, జెంటామైసిన్ అనే యాంటీబయాటిక్ సూదిమందులు మామూలుగా మూత్రంలో పోతాయి. కిడ్నీ పనిచేయకపోతే ఒంట్లోనే నిలిచి లోచెవి రోమకణాలను చంపుతాయి. చచ్చిన కణం మళ్లీ పుట్టదు. నీరు లాగడానికిచ్చే ఫ్యూరోసెమైడ్ తోడైతే ముప్పు ఇంకా ఎక్కువ. ప్రాణం మీదికొస్తే ఇవి వాడక తప్పకపోవచ్చు, అందులో డాక్టర్లను తప్పుపట్టను. ఇచ్చాక చెవి ఎలా ఉందో చూడకపోవడమే నాకు మింగుడు పడదు. దానికి కావలసింది చప్పుడు లేని గది, హెడ్‌ఫోన్లు, ఓ అరగంట.

2007లో వచ్చిన ఆరోగ్యశ్రీలో డయాలసిస్ ఉంది, బొత్తిగా వినబడని పసివాళ్లకు కాక్లియర్ ఇంప్లాంట్ కూడా ఉంది. 2013 నాటి రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం పుట్టు చెవుడు వెతుకుతుంది. ఈ పిల్లాడిది పుట్టు చెవుడూ కాదు, పూర్తి చెవుడూ కాదు. సగం చెవుడును పట్టించుకునేదెవరు? తల్లి ఒళ్లో ఉన్న లావుపాటి ఫైలు తిరగేశాను. క్రియాటినిన్, హిమోగ్లోబిన్, స్కానింగులు అన్నీ ఉన్నాయి. వినికిడి పరీక్ష కాగితం ఒక్కటీ లేదు.

పెద్దాయన చార్టును కింద జిరాక్స్ తీయించి, ఆ ఫైల్లో అన్నిటికన్నా పైన పిన్ను కొట్టారు.

“సూదిమందు రాసేముందు ఇది చూడమని చెప్పమ్మా.”

“మేం చెప్తే ఇంటరా సార్?”

“ఇనకపోతే నాకు ఫోన్ కొట్టు. నేను మాట్లాడతా.”